కార్డు చెడిపోలేదు, ఫాల్టు వేరే చోట ఉంది

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను యజమాని దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కని తీర్పు చెప్పింది. దానిని గురించి నాకన్నా వివరంగా మాట్లాడగల పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన పని వేరు. "మనవాళ్ళు పాత లాప్‌టాప్‌లలో లినక్స్ వేయించుకుంటున్నారు, తీరా చూస్తే వై-ఫై రావడం లేదంటున్నారు, ఆ సంగతి నలుగురికీ అర్థమయ్యేట్లు చెప్పండి" అన్నారు. ఆ ఒక్క విషయమే ఈ పూట మనవి చేస్తాను.

ముందుగా, ఈ అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మనలో చాలామంది ఇళ్ళలో ఎనిమిదేళ్ళవో పదేళ్ళవో లాప్‌టాప్‌లున్నాయి. పిల్లలు ఉద్యోగాలకు వెళ్తూ వదిలివెళ్ళినవి కొన్ని, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొనుక్కున్నవి కొన్ని. వాటిలో నడిచే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు మారదామంటే, అది కోరే టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు ఈ పాత యంత్రాలలో చాలావాటికి లేవు. యంత్రం బాగానే ఉంది, కీబోర్డు బాగుంది, తెర బాగుంది. అయినా పనికిరానిదైపోయింది! ఇక్కడే లినక్స్ అక్కరకు వస్తుంది.

లినక్స్‌ను 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. దాని సోర్సు కోడు, అంటే అసలు రాతప్రతి, అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, పంచిపెట్టవచ్చు. ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్ అన్నవి అదే లినక్స్‌ను కేంద్రంగా పెట్టుకుని కూర్చిన పంపిణీలు. పైకం చెల్లించనక్కరలేదు. పాత యంత్రంలోనూ చురుకుగా నడుస్తాయి. తెలుగు అక్షరాలు చక్కగా కనబడతాయి.

అంతా బాగుంది కాని, వేసిన తరువాత కుడిచేతి మూల చూస్తే వై-ఫై గుర్తు ఉండదు. అప్పుడు బజారుకు తీసుకువెళితే "కార్డు పోయింది సార్" అనే మాట వినిపిస్తుంది. ఇక్కడ నేను చెప్పదలచిన మాట ఒక్కటే. నిన్నటివరకు విండోస్‌లో పనిచేసిన కార్డు ఈ రోజు లినక్స్‌లో కనబడకపోతే, చాలా సందర్భాలలో కార్డు పోలేదు. ఫాల్టు ఏ సెక్షన్‌లో ఉందో మనం ఇంకా వెతకలేదు, అంతే.

ఈ పని మనకు కొత్త కాదు. 198కి ఫోను చేసి చందాదారుడు "ఫోను డెడ్" అంటే మనం ఏం చేసేవాళ్ళం? వెంటనే టెలిఫోను మార్చేసేవాళ్ళమా? లేదు. టెస్ట్ డెస్కులో పరీక్షించి, ఎం.డి.ఎఫ్. దగ్గర చూసి, క్యాబినెట్, పిల్లర్, డి.పి. దాకా ఒక్కొక్క సెక్షను తేల్చుకుంటూ, చివరకు ఇంట్లోని ఇన్‌స్ట్రుమెంటు చూసేవాళ్ళం. ఏ సెక్షను వరకు బాగుందో తెలిస్తే ఫాల్టు తన చిరునామా తానే చెబుతుంది. వై-ఫై కార్డుకు కూడా అయిదు సెక్షన్లున్నాయి. వాటిని వరుసగా చూద్దాం.

మొదటిది: యంత్రానికి కార్డు కనబడుతున్నదా? లినక్స్‌లో టెర్మినల్ అనే కిటికీ తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అనే అయిదు ఇంగ్లీషు అక్షరాలు చిన్నబడిలో కలిపి టైపు చేసి ఎంటరు నొక్కండి. లోపల అమర్చిన పరికరాల జాబితా వస్తుంది. పెన్‌డ్రైవులాగా బయట గుచ్చే కార్డయితే పి, సి, ఐ బదులు యు, ఎస్, బి అని కొట్టాలి. జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలరు అన్న వరుసలో ఇంటెల్ అనో, రియల్‌టెక్ అనో, బ్రాడ్‌కామ్ అనో, ఏథరోస్ అనో ఒక పేరు, దాని పక్కన చిప్పు నెంబరు ఉంటాయి. అది కాగితం మీద రాసుకోండి. అదే మన డాకెట్ నెంబరు. ఆ వరుస అసలే లేకపోతే అప్పుడు మాత్రం కార్డు కదిలిందా, కాలిందా అని అనుమానించాలి.

పెట్టె మీద ముద్రించిన పేరును మాత్రం నమ్ముకోకండి. ఉదాహరణకు, టీపీ-లింక్ వారి డబ్ల్యూఎన్722ఎన్ అనే బయట గుచ్చే కార్డు మొదటి కూర్పులో ఏథరోస్ చిప్పు ఉండేది. అదే పేరుతో వచ్చిన రెండవ కూర్పులో రియల్‌టెక్ చిప్పు ఉంది. పేరు ఒకటే, డ్రైవర్లు వేరు. పొరుగువారికి పనిచేసిన చిట్కా మనకు పనిచేయకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. అందుకే చిప్పు నెంబరు కావాలి.

రెండవది: డ్రైవరు. ఈ చిప్పుతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు నేర్పే ప్రోగ్రామును డ్రైవరంటారు. ఇందాకటి అయిదు అక్షరాల తరువాత ఒక ఖాళీ, ఒక అడ్డగీత, కె అనే అక్షరం చేర్చి కొడితే, ప్రతి పరికరం కింద ఏ డ్రైవరు పనిచేస్తున్నదో చూపిస్తుంది. మన కార్డు కింద ఆ వరుస లేకపోతే ఫాల్టు ఈ సెక్షన్‌లోనిదే. లినక్స్ మింట్‌లో డ్రైవర్ మేనేజర్ అని, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ అని ఒక సదుపాయం ఉంది. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్పులకు కావలసిన డ్రైవరును అదే వెతికి పెడుతుంది. అలా విడిగా చేర్చిన డ్రైవరును సెక్యూర్ బూట్ అనే తాళం అడ్డుకోవచ్చు. అప్పుడు అది అడిగిన చోట ఒక తాత్కాలిక పాస్‌వర్డు ఇచ్చి, యంత్రాన్ని తిరిగి ప్రారంభించినప్పుడు వచ్చే నీలిరంగు తెర మీద అదే పాస్‌వర్డు మళ్ళీ కొట్టి అనుమతి ఇవ్వాలి. ఆ తెర చూసి కంగారుపడి దాటవేస్తే డ్రైవరు ఉండి కూడా పనిచేయదు.

మూడవది, అన్నిటికన్నా ఎక్కువగా చిక్కు పెట్టేది: ఫర్మ్‌వేర్. వై-ఫై కార్డు మీద దానికంటూ ఒక చిన్న ప్రాసెసరు ఉంటుంది. అది చేయవలసిన పనుల రాతనే ఫర్మ్‌వేర్ అంటారు. ఆ రాతను కార్డులోనే శాశ్వతంగా ఉంచితే అదనపు మెమరీ చిప్పు కావాలి, ఖర్చు పెరుగుతుంది. అందువల్ల చాలామంది తయారీదారులు, కరెంటు తీయగానే అంతా మరచిపోయే మెమరీనే కార్డులో పెట్టి, ప్రతిసారీ కంప్యూటరే ఆ రాతను అందించాలనే ఏర్పాటు చేశారు. పెద్ద సి-డాట్ ఎక్స్ఛేంజిలలో పనిచేసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. రీస్టార్టు అయినప్పుడు సాఫ్ట్‌వేరు లోడయ్యేదాకా అన్ని కార్డులూ ర్యాకులో ఉన్నా డయల్ టోన్ వచ్చేది కాదు గదా! ఇదీ అంతే.

దీనిని తేల్చుకోవడం సులువు. డి, ఎం, ఇ, ఎస్, జి అని కొడితే కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, తన డైరీని చూపిస్తుంది. కొన్ని కూర్పులలో దీనికి ముందు ఎస్, యు, డి, ఓ అని చేర్చి పాస్‌వర్డు ఇవ్వాలి. ఆ డైరీలో ఫర్మ్‌వేర్ లోడు కాలేదని, ఎర్రర్ మైనస్ 2 అని ఒక వరుస కనబడితే, అడిగిన ఫైలు డిస్కులో లేదని దాని అర్థం. కావలసిన ఫైలు పేరు కూడా అక్కడే రాసి ఉంటుంది. డెబియన్‌లో ఇంటెల్ కార్డులకు, రియల్‌టెక్ కార్డులకు, ఏథరోస్ కార్డులకు వేరువేరు ఫర్మ్‌వేర్ ప్యాకేజీలున్నాయి. మన చిప్పుకు తగినది వేసి యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తే సరిపోతుంది.

కాని ఆ ప్యాకేజీ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే ఆ ప్యాకేజీ కావాలి. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్న సామెత చందంగా ఉంటుంది. దీనికి తేలికయిన దారి మన చేతిలోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగు తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగులలో యు.ఎస్.బి. టెథరింగ్ అన్నది ఆన్ చేయండి. లాప్‌టాప్ దానిని తీగ కనెక్షనుగా భావించి వెంటనే ఇంటర్నెట్ అందుకుంటుంది. తీగ మాత్రం డేటా కూడా మోసేదై ఉండాలి. ఉత్త ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చే తీగలు కొన్ని ఉంటాయి. ఫోను వద్దనుకుంటే రౌటరు నుంచి లాన్ కేబులు లాగి కలిపినా సరే.

నాలుగవది: స్విచ్చి. కొన్ని లాప్‌టాప్‌లకు పక్కన చిన్న మీట ఉంటుంది. కొన్నిటికి పై వరుస కీలలో విమానం బొమ్మో, ఏంటెన్నా బొమ్మో ఉంటుంది. ఆర్, ఎఫ్, కె, ఐ, ఎల్, ఎల్ అని కొడితే అడ్డం ఎక్కడ ఉందో చెబుతుంది. సాఫ్ట్ అడ్డమయితే ఆజ్ఞతో తీయవచ్చు. హార్డ్ అడ్డమయితే మీటను చేతితో నొక్కవలసిందే. విండోస్, లినక్స్ రెండూ ఒకే యంత్రంలో ఉంచుకున్నవారు ఇంకొకటి గమనించాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటే, మనం ఆపేశామనుకున్నా అది పూర్తిగా ఆగదు. సగం నిద్రలో ఉన్న కార్డును లినక్స్ లేపలేకపోవచ్చు. ఆ ఏర్పాటు తీసివేయడం మంచిది.

అయిదవది: రౌటరు. పొరుగువారి వై-ఫైల పేర్లన్నీ కనబడుతూ మన ఇంటిది మాత్రమే కనబడకపోతే కార్డును అనకండి. పాత కార్డులు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే వింటాయి. రౌటరు 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పలుకుతుంటే వీటికి వినబడదు. అదే విధంగా, మన దేశంలో 2.4 పట్టీలో 13 ఛానళ్ళు వాడుకోవచ్చు. అమెరికా నిబంధనల ప్రకారం నడుస్తున్న కార్డు 11 వరకే చూస్తుంది. రౌటరు 12లోనో 13లోనో ఉంటే కలవదు. రౌటరును 1, 6, 11లలో ఏదో ఒక దానిలో పెడితే ఈ తగాదా ఉండదు. పేరు కనబడినా పాస్‌వర్డు దగ్గర ఆగిపోతుంటే, రౌటరులో డబ్ల్యూపీఏ 3 మాత్రమే పెట్టి ఉన్నదేమో చూసి డబ్ల్యూపీఏ 2ను కూడా అనుమతించాలి.

ఇంతవరకు మరమ్మతు సంగతి. "ఆ ఫర్మ్‌వేర్ ఏదో మొదటే లినక్స్‌తో కలిపి ఇవ్వవచ్చు గదా" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫర్మ్‌వేర్ తయారీదారుల సొత్తు. దానిని ఇతరులు పంచిపెట్టడానికి వారి అనుమతి కావాలి. కొందరు అనుమతి ఇచ్చారు, కొందరు చాలాకాలం ఇవ్వలేదు. చిప్పు వివరాలు బయటపెడితే, వాడుకరులు ప్రసార శక్తినీ ఫ్రీక్వెన్సీనీ మార్చి రేడియో నిబంధనలు అతిక్రమిస్తారన్నది చెప్పిన కారణాలలో ఒకటి. రేడియో సెట్టుకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన తరం మనది. వినే పెట్టెకే అంత కట్టడి ఉండేది. వై-ఫై కార్డు వినడమే కాదు, ప్రసారం కూడా చేస్తుంది. కాబట్టి ఆ వాదనలో కొంత పస ఉంది. కాని ఆ పేరు చెప్పి, డబ్బు పెట్టి కొన్నవాడి చేతిలో వస్తువు మూగబోతే అది కూడా న్యాయం కాదు.

దీని మీద ప్రపంచంలో చాలా శ్రమ జరిగింది. బ్రాడ్‌కామ్ చిప్పులకు డ్రైవరు లేనప్పుడు కొందరు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రెండు బృందాలుగా విడిపోయారు. ఒక బృందం కంపెనీ డ్రైవరును పరిశీలించి చిప్పు వివరాలు రాసింది. రెండవ బృందం ఆ రాతను మాత్రమే చూసి, కంపెనీ కోడును ముట్టకుండా, కొత్తగా డ్రైవరు రాసింది. అది 2006లో లినక్స్‌లో చేరింది. అయినా ఫర్మ్‌వేర్‌ను మాత్రం కంపెనీ డ్రైవరులోంచి ఎవరికివారు కత్తిరించి తీసుకోవలసి వచ్చేది. 2010లో బ్రాడ్‌కామ్ తానే తన కొత్త చిప్పులకు ఓపెన్ సోర్స్ డ్రైవరు విడుదల చేసింది. ఏథరోస్ 2008 నుంచి ఈ బాటలోకి వచ్చింది. ఓపెన్ బీఎస్‌డీ అనే మరొక వ్యవస్థను నడిపే థియో డి రాట్, వైర్‌లెస్ చిప్పుల వివరాల కోసం, ఫర్మ్‌వేర్ పంపిణీ హక్కుల కోసం తయారీదారుల మీద ఉద్యమమే నడిపారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ 2004 సంవత్సరపు పురస్కారం ఆయనకే ఇచ్చింది.

డెబియన్ వారి కథ ఇంకా ఆసక్తికరం. సోర్సు కోడు లేని ఏ ఫైలునూ తమ అధికారిక ఇన్‌స్టలేషన్ డిస్కులో ఉంచకూడదన్నది వారి నియమం. నియమం గొప్పదే. దానివల్ల కొత్తగా వచ్చినవాడికి వై-ఫై లేకుండా పోయేది. చివరకు 2022లో సభ్యులు ఓటు వేసి, హార్డ్‌వేరు నడవడానికి అవసరమైన ఫర్మ్‌వేర్‌ను డిస్కులో చేర్చవచ్చునని, అయితే దానిని వేరే విభాగంగా చూపి, వద్దన్నవాడికి వద్దనే వీలు ఉంచాలని నిర్ణయించుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలులో ఉంది. సంఘాలు నడిపినవారు మన సభలో ఎందరో ఉన్నారు. సిద్ధాంతాన్ని వదులుకోకుండా సభ్యుడి ఇబ్బంది తీర్చడం ఎంత కష్టమో వారికి తెలుసు. కాబట్టి మీలో ఎవరైనా కొత్తగా వేయించుకుంటుంటే పాత డిస్కుతో కాక, తాజా కూర్పుతో వేయించుకోండి. సగం చిక్కు అక్కడే తీరిపోతుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఈ మధ్య మన సంఘంలోని ఒక కుటుంబ పెన్షనరు సోదరి తన భర్తగారి లాప్‌టాప్ నా దగ్గరకు తెచ్చారు. ఆయన మనందరికీ కావలసినవారే, పేరు చెప్పను. పోయేముందు కొన్నేళ్ళపాటు మనుమరాలికోసం తన చిన్ననాటి సంగతులు అందులో టైపు చేసి పెట్టుకున్నారు. విండోస్ గడువు తీరిందని ఎవరో ఆ ఫైళ్ళను జాగ్రత్త చేసి లినక్స్ వేసి ఇచ్చారు. వై-ఫై రాలేదు. అమెరికాలో ఉన్న మనుమరాలికి ఆ రాతలు పంపడం కుదరలేదు. ఒక దుకాణంలో కార్డు కాలిపోయిందన్నారు. మరొక దుకాణంలో మొత్తం యంత్రమే తూకానికి ఇచ్చేయమన్నారు. "అన్నయ్యగారూ, ఇది ఆయన కూర్చున్న కుర్చీలాంటిది, తూకానికి ఎలా ఇస్తాను?" అన్నారామె.

పరీక్షలు వరుసగా చేశాము. మొదటి సెక్షను బాగుంది, జాబితాలో కార్డు ఉంది. రెండవది బాగుంది, డ్రైవరు ఉంది. మూడవ దానిలో మైనస్ 2 కనబడింది. ఆమె ఫోనునే తీగతో కలిపి ఆ ఒక్క ప్యాకేజీ దింపుకున్నాము. కంప్యూటరు తిరిగి లేచేసరికి వాడలోని వై-ఫై పేర్లన్నీ వరుసకట్టాయి. గంట పట్టలేదు, పైసా ఖర్చు కాలేదు. ఆ రాత్రే మనుమరాలికి మొదటి భాగం వెళ్ళింది. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదట. అమ్మమ్మగారు వీడియోలో రోజూ ఒక పేజీ చదివి వినిపిస్తున్నారు.

ఇక కొన్ని జాగ్రత్తలు. లినక్స్ వేయించే ముందు మీ ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి తీసుకోండి. ఏకంగా వేసేయకుండా, పెన్‌డ్రైవు నుంచే లైవ్ పద్ధతిలో నడిపి వై-ఫై వస్తున్నదా లేదా ముందే చూసుకోండి. ఆ పద్ధతిలో మీ డిస్కును అది ముట్టదు. ఫర్మ్‌వేర్‌ను ఆ పంపిణీవారి సొంత భాండారం నుంచే తెచ్చుకోండి. ఫోనులో ఎవరో "మేము బాగుచేస్తాం, స్క్రీను చూపించండి" అంటే ఒప్పుకోవద్దు. పి.పి.ఓ. నెంబరు, ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు. జీవన్ ప్రమాణ్ విషయంలో ఒక మాట. ముఖం చూపి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఫోనులోనిది. దానికి ఫోనునే వాడండి. వేలిముద్ర యంత్రాలు కూడా లినక్స్‌లో నడుస్తాయని ఆశ పెట్టుకోవద్దు. అన్నీ ప్రయత్నించినా మీ చిప్పుకు లినక్స్‌లో మార్గం లేకపోతే, డ్రైవరు లినక్స్‌లోనే ముందే కలిసి ఉన్న చిప్పుతో బయట గుచ్చే చిన్న కార్డు కొనుక్కోవడం చాలు. లాప్‌టాప్ మార్చనక్కరలేదు.

మిత్రులారా, సర్వీసులో ఉండగా మనకు ఒక అలవాటు ఉండేది. పరీక్షించకుండా "పోయింది" అని రిజిస్టరులో రాసేవాళ్ళం కాదు. రిటైరైన తరువాత ఆ అలవాటు పోగొట్టుకోవద్దు. మీ ఇంట్లో అటక మీద పెట్టిన లాప్‌టాప్ ఉంటే దించండి. చిప్పు నెంబరు కాగితం మీద రాసి సంఘ కార్యాలయానికి తీసుకురండి. కలిసి చూద్దాము. ఈ అయిదు సెక్షన్లు దాటిన తరువాత కూడా రాకపోతే, అప్పుడు కార్డు పోయిందని నేనే సంతకం పెడతాను.